‘చెప్పుకోవడానికి ఏముంది’ అనే కర్నల్ గారి చేత ఎలా మాట్లాడించాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1984లో సైన్యంలో కమిషన్ పొంది, ముప్ఫై రెండేళ్లు ఇన్‌ఫాంట్రీలో, అంటే పదాతి దళంలో పనిచేసి, 2016లో కర్నల్‌గా పదవీ విరమణ చేశారు. ఒక బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్నారు. బ్రిగేడియర్ కాలేదు. ఈ మధ్య తొమ్మిదేళ్ల మా అబ్బాయి, ‘తాతయ్యా, నువ్వు ఏ యుద్ధంలో పోరాడావు?’ అని అడిగితే, ‘నేను ఏ యుద్ధంలోనూ లేనురా, చెప్పుకోవడానికి ఏముంది’ అని లేచి లోపలికి వెళ్లిపోయారు. శాంతి సేనగా శ్రీలంకకు వెళ్లినవాటిలో ఆయన బెటాలియన్ లేదు. కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు ఆయన మహూలో ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నారు. ప్రతి ఏటా జూలై 26న, కార్గిల్ విజయ దినం నాడు, టీవీ కట్టేస్తారు. ఆయన సర్వీసు గురించి రాయమని మంచి నోటుపుస్తకం ఒకటి కొనిచ్చాను. రెండేళ్లుగా అది ఖాళీగానే ఉంది. కనీసం మాటల్లో చెబితే రికార్డు చేద్దామని అడిగితే మాట మారుస్తారు. ‘ఆయన మానాన ఆయన్ను వదిలెయ్యవే’ అంటుంది అమ్మ. ఇప్పుడు ఇల్లు మారుతున్నాం. ఆయన పాత నల్ల ట్రంకుపెట్టెలు నాలుగింటికీ రంగు వేయిద్దామని బయటికి తీస్తే వాటి మీద చెయ్యి వేయనివ్వలేదు. అడగడమే తప్పా, లేక అడిగే తీరు వేరే ఉందా?

సమాధానం: అడగడం తప్పు కాదమ్మా. మీరు ఖాళీ పుస్తకం ఇచ్చి ముప్ఫై రెండేళ్లు రాయమన్నారు, మీ అబ్బాయి యుద్ధం సంగతి చెప్పమన్నాడు. మాటలు వేరైనా ఆయన చెవికి రెండుసార్లూ వినిపించిన ప్రశ్న మాత్రం ఒక్కటే: నువ్వు సాధించినదేమిటి? సైన్యంలో ఆ ప్రశ్నకు రెండే జవాబులున్నాయని మాలో చాలామంది లోలోపల నమ్ముతారు. ఒకటి యుద్ధం, రెండోది ర్యాంకు. ఆ రెండూ తన దగ్గర లేవనుకునే మనిషి లేచి లోపలికి వెళ్లిపోవడంలో వింతేమీ లేదు.

నేను ఇంజినీర్స్ కోర్‌లో ఇరవై నాలుగేళ్లు పనిచేసి లెఫ్టినెంట్ కర్నల్‌గా బయటికి వచ్చాను, అంటే మీ నాన్నగారి కంటే ఒక మెట్టు కిందే ఆగాను. యుద్ధం నేనూ చూడలేదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగిన తరువాత సైన్యం మొత్తం సరిహద్దుకు కదిలింది. ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు పెట్టిన ఆ మోహరింపు మరుసటి ఏడాది అక్టోబరు దాకా, దాదాపు పది నెలలు సాగింది. అప్పుడు నేను మేజర్‌ని. రాజస్థాన్ సరిహద్దులో నా ఫీల్డ్ కంపెనీ పని మొదట మైన్లు, అంటే మందుపాతరలు పరచడం, యుద్ధం రాదని తేలిన తరువాత పరచిన ప్రతి మైనునూ తిరిగి తీయడం. పరచిన దానికి రికార్డు ఉంటుంది. ఏ పికెట్ నుంచి ఏ దిక్కుగా ఎన్ని అడుగుల్లో ఏ వరుస మొదలవుతుందో, ఆ వరుసలో ఎన్ని మైన్లు ఉన్నాయో అందులో రాసి ఉంటుంది. కాగితం కదలదు గాని ఇసుక దిబ్బ కదులుతుంది. ఒక వరుసలో లెక్కకు ఒక్క మైను తక్కువ వచ్చింది. అది ప్లాస్టిక్ తొడుగుతో గుప్పిట్లో పట్టేంత ఉండే చిన్న రకం. దానిలో లోహం చాలా తక్కువ కాబట్టి డిటెక్టరును నమ్ముకోవడానికి వీల్లేదు. నా హవల్దారు ఒకడు బోర్లా పడుకుని, ప్రాడర్ అనే సన్నటి ఊచను ఏటవాలుగా ఇసుకలోకి గుచ్చుతూ, అంగుళం తరువాత అంగుళం జరుగుతూ వెతికాడు. నిలువుగా గుచ్చితే ఊచ మొన మైను నెత్తిన పడుతుంది, ఏటవాలుగా గుచ్చితే పక్కకు తగులుతుంది. ఆ పనిలో ప్రాణం ఉండేది ఆ వాలులోనే. అతను అలసిపోతే ఇంకొకడు, వాడు అలసిపోతే మూడోవాడు. ఆరో రోజు సాయంత్రం, ఉండవలసిన చోటికి పదకొండు అడుగుల దూరంలో, పక్కకు ఒరిగి కనిపించింది. దాన్ని నిర్వీర్యం చేసి పక్కన పెట్టాక హవల్దారు లేచి నిలబడి, మోకాళ్ల మీది ఇసుక దులుపుకుంటూ, ‘సాబ్, అబ్ గిన్‌తీ పూరీ హై’ అన్నాడు, లెక్క సరిపోయిందని.

ఇంటికి వచ్చిన తరువాత పరాక్రమ్‌లో ఏం జరిగిందని ఎవరు అడిగినా ‘ఏమీ జరగలేదు’ అనేవాణ్ని. అబద్ధం చెబుతున్నానని నాకే అనిపించేది కాదు. యుద్ధం జరగలేదు కాబట్టి ఏమీ జరగలేదన్నదే నా లెక్క. చాలా ఏళ్లకు మా అన్నయ్య కొడుకు, అప్పటికి వాడికి పదేళ్లు ఉంటాయేమో, ‘బాబాయ్, భూమిలో పెట్టిన బాంబు మళ్లీ ఎక్కడుందో మీకెలా తెలుస్తుంది?’ అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టి తల ఎత్తేసరికి రెండు గంటలు గడిచాయి, గది గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. ఆ ఆరు రోజుల సంగతి ఆవిడకూ అదే మొదటిసారి తెలియడం.

వాడు అడిగినది పని గురించి. గొప్పతనం జోలికి వాడు పోలేదు. మీరూ అదే పట్టుకోండి. ‘మీ కెరీర్‌లో మరపురాని సంఘటన చెప్పండి’ లాంటి ప్రశ్నను సన్మాన సభలకు వదిలేసి, ఇన్‌ఫాంట్రీ ఆఫీసర్‌కు మాత్రమే జవాబు తెలిసిన ప్రశ్నలు వెతకండి. ఎనిమిది వందల మంది ఉండే బెటాలియన్‌ను సామాను, బండ్లు, వంటపాత్రలు సహా ఒక మిలిటరీ స్పెషల్ రైల్లోకి ఎలా ఎక్కిస్తారు, ఎక్కించేటప్పుడు మొదట తప్పేది ఏది? పోస్టు మీద రాత్రి సంత్రీ నిద్రపోలేదని ఎలా తెలుసుకుంటారు, పోతే ఏం చేస్తారు? సీఓగా, అంటే కమాండింగ్ ఆఫీసర్‌గా, మొదటి రోజు సైనిక్ సమ్మేళన్ అనే జవాన్ల సభలో అంతమంది ముందు నిలబడినప్పుడు మొదట ఏ మాట అన్నారు, దాన్ని ముందు రోజు రాత్రి ఎన్నిసార్లు మార్చారు? ఇలాంటి ప్రశ్నకు ‘చెప్పుకోవడానికి ఏముంది’ అనే జవాబు అతకదు, ఎందుకంటే ఇది చెప్పుకోవడం కాదు, నేర్పడం. మీ నాన్నగారు పైగా ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసినవారు. తెలియని వాడికి తెలియజెప్పడమన్నది ఆయనకు చేతి అలవాటు.

ఇంకొక అడ్డంకి ఉంది. బయటివారికి ఇది తట్టదు, నాకు కూడా ఆలస్యంగానే తెలిసింది. మన తెలుగు ఆఫీసర్ల సర్వీసు తెలుగులో జరగదు. ఆఫీసు ఇంగ్లీషులో, జవాన్లతో హిందీలో, బెటాలియన్ గోర్ఖాలదైతే నేపాలీలో, సిక్కులదైతే పంజాబీలో. జవాను భాష రాని ఆఫీసర్‌ను జవాను పూర్తిగా తనవాడు అనుకోడు. ముప్ఫై రెండేళ్లు ఆ భాషల్లో కోప్పడి, నవ్వి, చావు కబుర్లు చెప్పి, ఇంటికి వచ్చిన మనిషిని తెలుగులో చెప్పమంటే మాట దొరకదు. దొరికిన మాట నాటకంలో సంభాషణలాగా వినిపించి ఆయనకే సిగ్గేస్తుంది. అందుచేత ఆయన హిందీలోకి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. మధ్యలో ‘అంటే ఏమిటి నాన్నా’ అని ఆపవద్దు, అర్థం కానిది గుర్తు పెట్టుకుని తరువాత అడగండి. మనవడికి హిందీ వస్తే ఇంకా మంచిది. నోటుపుస్తకం రెండేళ్లు ఖాళీగా ఉండడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

ఇక ర్యాంకు సంగతి. ఆయనతో ఎప్పుడూ ‘ర్యాంకుదేముంది నాన్నా’ అనకండి. ఆయనకు ఉంది. ఓదార్పుగా మీరు అనే ఆ మాట, ఆయన ముప్ఫై రెండేళ్లు నమ్మిన కొలతను మీరు కొట్టిపారేసినట్లుగా వినిపిస్తుంది. దానికి బదులు ఆ కొలత ఎలా పనిచేస్తుందో మీరు తెలుసుకోవడం మంచిది.

2004 డిసెంబరు నుంచి అమలైన మార్పుల ప్రకారం ఆఫీసర్లు రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కర్నల్ అవుతారు. ఇవి కాలాన్ని బట్టి వచ్చేవి. దాని పైనుంచి సెలెక్షన్ బోర్డు. అంతకుముందు లెఫ్టినెంట్ కర్నల్ కావడం కూడా చాలావరకు ఎంపిక మీదనే ఆధారపడేది, కాబట్టి నేను పదమూడేళ్ల నియమం పుణ్యాన అందుకున్న మెట్టును మీ నాన్నగారి ముందు తరాలవారిలో ఎందరో అందుకోలేక మేజర్లుగానే ఇంటికి వెళ్లారు. కర్నల్‌కు ఒక బోర్డు, బ్రిగేడియర్‌కు ఒక బోర్డు, మేజర్ జనరల్‌కు మరొకటి. ఒక్కొక్క ఆఫీసర్‌ను మూడుసార్లు చూస్తారు. మొదటిది ఫ్రెష్, రెండోది ఫస్ట్ రివ్యూ, మూడోది ఫైనల్ రివ్యూ. మూడోసారి కూడా పేరు రాకపోతే ఇక అంతే, మా భాషలో ఆ మనిషి ‘సూపర్‌సీడ్’ అయ్యాడంటారు. బ్యాచ్ ఎంత పెద్దదైనా పైన ఉండే బ్రిగేడ్లు పెరగవు. వయసు గడియారం కూడా ర్యాంకును బట్టే నడుస్తుంది: కర్నల్‌కు 54, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58, లెఫ్టినెంట్ జనరల్‌కు 60 ఏళ్లు. అంటే పైకి వెళ్లనివాడు ముందే ఇంటికి వెళతాడు, ఇంకా పని చేయగల వయసులో, పిల్లల చదువులు సగంలో ఉండగా.

నా పేరు రాని మూడు బోర్డుల్లో మూడోది తేలిన రోజు నాకు బాగా గుర్తుంది. యూనిట్‌లో ఎవరూ ఏమీ అనలేదు. మెస్‌లో అందరూ మామూలు కంటే కొంచెం ఎక్కువ మర్యాదగా మాట్లాడారు, అంతే. ఆ ఎక్కువ మర్యాద చాలా కాలం గుచ్చుకుంది. ఏటా పైవారు రాసే రహస్య నివేదిక ఏసీఆర్‌లో ఏముందో, ఎవరు ఎన్ని మార్కులు తగ్గించారో ఆఫీసర్‌కు పూర్తిగా చూపించరు. కాబట్టి అన్యాయం జరిగిందా లేదా అన్నది రుజువు చేయడానికీ వీల్లేదు, మరచిపోవడానికీ వీల్లేదు. పిటిషన్లు ఉన్నాయి, 2009 నుంచి సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మీ నాన్నగారు ఆ దారిన వెళ్లారో లేదో మీరు అడగవద్దు. ఆయనంతట ఆయన చెబితే మాత్రం పూర్తిగా వినండి, ‘పోనీలే’ అనకుండా.

ఈ ఆట పైదాకా ఇంతే. 1983లో సైన్యాధిపతి కె.వి. కృష్ణారావు గారు పదవీ విరమణ చేసినప్పుడు సీనియారిటీలో ముందున్న లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హాను కాదని ప్రభుత్వం ఎ.ఎస్. వైద్యను ఎంచుకుంది, సిన్హా రాజీనామా చేశారు, ఆ తరువాత నేపాల్‌లో రాయబారిగా, అస్సాంకూ జమ్మూ కాశ్మీర్‌కూ గవర్నర్‌గా పనిచేశారు. 1961లో గోవాకు పారా బ్రిగేడ్‌ను నడిపించి, 1967లో చైనాతో నాథు లా పోరు సమయంలో అక్కడి డివిజన్‌కు నాయకత్వం వహించి, 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో తన దళాలను హెలికాప్టర్లతో మేఘన నది దాటించిన సగత్ సింగ్ కూడా లెఫ్టినెంట్ జనరల్‌గానే ఇంటికి వెళ్లారు. ఈ పేర్లు మీ అవగాహన కోసం చెబుతున్నాను, దయచేసి ఆయనకు వినిపించకండి. మా కంటే బాగా ఈ జాబితా ఎవరికీ తెలియదు. సూపర్‌సీడ్ అయిన ప్రతి ఆఫీసరూ మొదటి ఏడాదిలోనే దాన్ని బట్టీ పట్టి ఉంటాడు.

ఆయన బ్రిగేడియర్ కాలేదన్న మాట మీ ఉత్తరంలో ఉంది. ఆయన ఒక బెటాలియన్‌ను కమాండ్ చేశారన్న మాట కూడా ఉంది. రెండోదాని బరువు మీకు తెలిసినట్లు లేదు. అడిగి చూడండి, ఏ సీనియర్ అయినా, మూడు నక్షత్రాల జనరల్ అయినా, సర్వీసులో అన్నిటికంటే ఇష్టమైన కాలం ఏదంటే ‘నా యూనిట్‌ను కమాండ్ చేసిన ఆ రెండు మూడేళ్లు’ అనే అంటారు. సీఓ వెళ్లిపోయే రోజు ఆయన జీపుకు తాళ్లు కట్టి ఆఫీసర్లూ జవాన్లూ చేతులతో గేటు దాకా లాగుతారు. మీ నాన్నగారి జీపునూ లాగి ఉంటారు. మీరు అప్పటికి బడికి వెళ్లే వయసులో అక్కడే ఉండి చూసి ఉండవచ్చు కూడా. గుర్తుంటే మీరే ఆయనకు చెప్పండి, మీరు నిలబడిన చోటి నుంచి ఏం కనిపించిందో. ఎప్పుడూ అడిగేవారిగానే కాకుండా అప్పుడప్పుడు చెప్పేవారిగా కూడా ఉండాలి.

జూలై 26 గురించి మీరు అనుకుంటున్నది వేరు, నాకు తోచినది వేరు. కార్గిల్‌కు తాను వెళ్లలేదన్న చిన్నతనంతో టీవీ కట్టేస్తారని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. 1999లో ఆ రెండు మూడు నెలలు మిగతా సైన్యమంతా రేడియోకూ టీవీకీ అతుక్కుని కూర్చుంది, తమ కోర్స్‌మేట్ల యూనిట్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ. కాని మీ నాన్నగారు అప్పుడు మహూలో ఉన్నారని రాశారు. ఇన్‌ఫాంట్రీ స్కూల్ ఉన్న ఊరు అది. కొత్తగా కమిషన్ పొందిన ఇన్‌ఫాంట్రీ కుర్రాళ్లు యంగ్ ఆఫీసర్స్ కోర్సుకు వచ్చేది అక్కడికే. ఆయన నేర్పినది ఏ కోర్సో నాకు తెలియదు. అదే అయితే మాత్రం, 1998లోనో 1999 మొదట్లోనో ఆయన ముందు కూర్చుని ప్లాటూన్ ఎటాక్ నేర్చుకున్న ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్లలో కొందరు ఆ వేసవిలో ద్రాస్‌లోనో బటాలిక్‌లోనో ఆ కొండలు ఎక్కి ఉంటారు. ఆ యుద్ధంలో మనవారు 527 మంది చనిపోయారు. ముందు నడిచిన వారిలో యువ ఆఫీసర్లు ఎందరో ఉన్నారు. ఆయన టీవీ కట్టేయడం, టీవీలో కనిపించే ఫొటోల్లో ఒకరిద్దరి మీద తాను ఎరుపు సిరాతో దిద్దిన కాగితాలు గుర్తుకు రావడం వల్ల కావచ్చునని నేను ఊహిస్తున్నాను. తప్పు కావచ్చు. అయినా ఈ ఊహను మనసులో ఉంచుకుని ఆ రోజున మాత్రం ఏమీ అడగకండి.

వేరే ఏ రోజునైనా కోర్సు గ్రూప్ ఫొటోలు ఎక్కడున్నాయని అడగండి. ప్రతి కోర్సు చివరా తీసే ఫొటో అది. ముందు వరుసలో కుర్చీల మీద ఇన్‌స్ట్రక్టర్లు, వెనుక మెట్ల మీద విద్యార్థులు, అట్ట అంచున వరుస ప్రకారం అందరి పేర్లూ అచ్చు వేసి ఉంటాయి. ఫొటో చేతికి ఇచ్చి, ‘వీళ్లలో బాగా అల్లరివాడు ఎవరు?’ అని అడిగి ఊరుకోండి. ఆయన వేలు ఏ ముఖం దగ్గర ఆగుతుందో చూడండి. ఆగిన చోట మీరు తొందరపడవద్దు.

వస్తువులు ఇలా చాలా పని చేస్తాయి. ఆయన మెడల్స్ బీరువాలో ఉంటాయి గదా, వాటిని మీరు అలంకారంగా చూసి ఉంటారు, నిజానికి చదవవలసినవి. తొమ్మిదేళ్లకు, ఇరవై ఏళ్లకు, ముప్ఫై ఏళ్లకు ఇచ్చే సుదీర్ఘ సేవా మెడల్స్ మూడూ అంత సర్వీసు చేసిన అందరికీ ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. ఎత్తైన పర్వత ప్రాంతాల సేవకు ఇచ్చేది ఒకటి, సియాచిన్ గ్లేసియర్‌కు వేరే ఒకటి, పరాక్రమ్‌కు వేరే ఒకటి. కొన్ని మెడల్స్ రిబ్బన్ మీద సన్నటి లోహపు పట్టీ ఉంటుంది, దాని మీద ప్రదేశం పేరు ఉంటుంది. మనవడి చేతికి భూతద్దం ఇచ్చి ఆ పట్టీల మీద పేర్లు చదివించండి, ఒక్కో పేరుకు పటంలో చుక్క పెట్టించండి. ఏ చుక్క దగ్గర ఎన్ని నెలలు ఉన్నారో, అప్పుడు మీరు ఎక్కడ ఉన్నారో కలిపి చూస్తే మీ చిన్నతనమే మీకు వేరేగా కనిపిస్తుంది.

సియాచిన్ మెడల్ ఉంటే మాత్రం అక్కడ ఎక్కువసేపు ఆగండి. ఆయన కమిషన్ పొందిన 1984లోనే, ఏప్రిల్ 13న, ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం ఆ హిమనదం మీదికి ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చేదాకా అక్కడ ఇరువైపులా ఫిరంగులు మోగేవి. అయినా శత్రువు గుండు కంటే చలి, గాలిలో ప్రాణవాయువు లేమి, మంచు చరియలు తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. అక్కడ కంపెనీ కమాండర్ రోజూ ఉదయం చేసే పని జవాన్ల మేజోళ్లు విప్పించి కాలి వేళ్లు చూడడం. రంగు మారిన వేలును ఆ రోజే పట్టుకుంటే వేలు దక్కుతుంది, రెండు రోజులు ఆలస్యమైతే దక్కదు. తన కంపెనీ మొత్తాన్ని వేళ్లతో సహా కిందికి దింపిన ఆఫీసర్‌కు ఏ పతకమూ రాదు, ఎందుకంటే జరగని నష్టానికి సైటేషన్, అంటే పతకానికి ప్రశంసాపత్రం, రాయడం ఎవరికీ చేతకాదు. ‘నేను ఏ యుద్ధంలోనూ లేను’ అన్న మాట వెనుక ఇలాంటి ఉదయాలు ఎన్ని ఉన్నాయో మీరు తేల్చాలి. ఎన్ని వేళ్లు చూశారని అడగండి, నవ్వుతారు, కాని జవాబు చెబుతారు.

రహస్యాల గురించి మీరు భయపడనక్కర లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం పదవీ విరమణ తరువాత కూడా వర్తిస్తుందని ఆయనకు తెలుసు, ఎక్కడ ఆగాలో మీకంటే నాకంటే ఆయనకే బాగా తెలుసు. రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానం ప్రకారం యుద్ధాల, ఆపరేషన్ల రికార్డులను మామూలుగా ఇరవై ఐదేళ్లకు బహిరంగం చేయాలి, ఇంకా పాతవాటిని పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలి. అదంతా చరిత్రకారుల గొడవ. ఇంటి కోసం రాసే దానికి ఏ కొండ మీద ఎన్ని మెషిన్‌గన్లు ఉన్నాయో అక్కరలేదు. ఆయన ‘ఇది వద్దు’ అంటే అక్కడ వదిలేయండి. ‘ఇంత కాలమైంది గదా’ అని బేరం పెట్టవద్దు. పుస్తకంగా అచ్చు వేయించాలన్న ఆలోచన వస్తే ఆ రోజున నియమాలు సరిచూసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఆయన మౌనం మొహమాటం వల్లనో నిరాశ వల్లనో అయితే నేను చెప్పినదంతా పనికివస్తుంది. కాని కాశ్మీర్‌లోనో ఈశాన్యంలోనో తిరుగుబాట్లను అణిచే పనిలో ఏళ్లు గడిపినవారికి వేరే రకం మౌనం ఉంటుంది. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేకపోవడం, తాగుడు పెరగడం, అయినదానికీ కానిదానికీ మండిపడడం లాంటివి మీరో అమ్మగారో గమనించి ఉంటే ఈ ప్రశ్నలన్నీ ఆపి ముందు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. మాజీ సైనికుల వైద్య పథకం, ఈసీహెచ్ఎస్, 2003 నుంచి ఉంది, మానసిక వైద్యుడికి అక్కడి నుంచే రెఫరల్ రాయిస్తారు. కర్నల్ గారు ‘నాకేం పిచ్చా’ అంటారు. నిద్ర కోసమని చెప్పి తీసుకువెళ్లండి, అది అబద్ధమూ కాదు.

అమ్మగారు ‘వదిలెయ్యవే’ అన్నారంటే ఆవిడకు ఏదో తెలుసు. ముందు ఆవిడ దగ్గరే కూర్చోండి. మీకు చిన్నప్పుడు నాన్న దగ్గరి నుంచి వచ్చిన ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, ‘56 ఏపీవో’ అని ఆర్మీ పోస్టాఫీసు అంకె మాత్రం ఉండేది, గుర్తుందా? ఆయన ఎక్కడున్నారో చెప్పని ఆ అంకెను పట్టుకుని, ఫ్యామిలీ క్వార్టర్‌లో మిమ్మల్ని పెంచి, పక్క క్వార్టర్‌లోకి చెడ్డ కబురు వచ్చిన రోజున అక్కడికి వెళ్లి కూర్చున్నది ఆవిడ. ఆయన సర్వీసు సగం ఆవిడ చేశారు. ఆవిడ చెబుతుంటే పక్క గదిలోంచి విన్న కర్నల్ గారు, ‘అది 93 కాదు, 94’ అని దిద్దడానికి బయటికి వస్తారు. మా ఇంట్లో అలాగే జరిగింది. తేదీ తప్పు చెబితే ఏ ఆర్మీవాడూ ఊరుకోలేడు.

మీ నాన్నగారి బెటాలియన్‌లో సుబేదార్ మేజర్‌గా, అంటే జవాన్ల నుంచి ఎదిగినవారిలో అందరికంటే సీనియర్‌గా ఉన్నాయన పేరు అడిగి తెలుసుకోండి, ఫోన్ నంబరు నాన్నగారి దగ్గరే ఉంటుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు గొంతు మారడం మీరు విని ఉంటారు. సీఓకూ సుబేదార్ మేజర్‌కూ మధ్య ఉండే ఆ బంధం ఇంట్లోవారికి అర్థం కాదు. ఒకసారి ఆ సుబేదార్ మేజర్‌ను మీ ఇంటికి పిలవండి, లేదా బెటాలియన్ పుట్టినరోజైన రైజింగ్ డేకు మీ నాన్నగారిని మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. పాత జవాన్లు, ఇప్పుడు తల నెరిసినవారు, మీ అబ్బాయిని పక్కకు తీసుకెళ్లి ‘తేరే నానా నే ఏక్ బార్...’ (మీ తాతయ్య ఒకసారి...) అని మొదలుపెడతారు. తాతయ్య తన నోటితో ఎన్నటికీ చెప్పని సంగతులు వాడికి అక్కడ ఒక పూటలో తెలుస్తాయి. రికార్డు చేయదలిస్తే ఫోను బల్ల మీద పెట్టి, ఆయనతో చెప్పి, తేదీ పలికి మొదలుపెట్టండి. చాటుగా వద్దు. ఖాళీ నోటుపుస్తకం మీ అబ్బాయికి ఇచ్చేయండి, పేర్లూ ఊర్లూ తప్పులతో వాడు రాసుకుంటే వాటిని దిద్దే పని తాతగారిది.

ట్రంకుపెట్టెల సంగతి చివరికి ఉంచాను. మా పెట్టెల మీద ర్యాంకు, పేరు, యూనిట్ తెల్ల పెయింటుతో రాయిస్తాం, పోస్టింగ్ మారితే పాతదాని మీద నల్ల రంగు పూసి కొత్తది రాయిస్తాం. వెలుతురుకు ఓరగా పెట్టి చూస్తే కర్నల్ కింద మేజర్, దాని కింద కెప్టెన్, అన్నిటికంటే అడుగున, ఇప్పుడు సైన్యంలో లేనే లేని సెకండ్ లెఫ్టినెంట్ అన్న ర్యాంకు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, పక్కన చెరిపేసిన స్టేషన్ల పేర్లు కూడా. మీ అబ్బాయిని పెట్టె పక్కన కూర్చోబెట్టి వేలితో తడుముతూ పైకి చదవమనండి, తాతగారు వినపడేంత దూరంలో ఉండగా. కొత్త ఇంటికి ఆ నాలుగు పెట్టెలూ ఉన్నవి ఉన్నట్లే వెళ్లాలి, రంగు డబ్బా తెచ్చి ఉంటే తిరిగి ఇచ్చేయండి.